వియన్నా నగర యాత్ర: బస, భోజనం, కొనుగోళ్లు

నగర యాత్ర అంటే ఒకే నగరంలో నాలుగైదు రోజులు మకాం వేసి, కాలినడకన, ట్రాముల్లో తిరుగుతూ ఆ ఊరిని చూడడం. వారంలో నాలుగైదు దేశాలు చుట్టివచ్చే బస్సు టూరుకూ దీనికీ ప్రధాన భేదం ఏర్పాట్లలో ఉంది. టూరులో హోటలు, భోజనం, షాపింగుకు ఆగే చోటు నిర్వాహకులే నిర్ణయిస్తారు. నగర యాత్రలో ఆ మూడూ యాత్రికుడే తేల్చుకోవాలి. ఐరోపా నగరాలన్నిటికీ వర్తించే ఈ ఏర్పాట్లను ఆస్ట్రియా రాజధాని వియన్నా ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. 2023లో ఈ నగర జనాభా 20 లక్షలు దాటింది.

ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ కొనాలి అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలుగా కనిపిస్తాయి. వియన్నాలో ఈ మూడింటికీ ముందు తేలవలసింది ఏ రోజు, ఏ వేళ అన్నది. ఆదివారం దుకాణాలు తెరవరు. చాలా వంటిళ్లకు విరామ వేళలు ఉంటాయి. కొన్ని వారాల్లో గదుల ధరలు ఒక్కసారిగా పెరుగుతాయి. క్యాలెండరు ముందు పెట్టుకుని, పటం ఆ తర్వాత తెరిచినవారికి ఈ ఊరు సులువుగా లొంగుతుంది.

నగర స్వరూపం, చిరునామాలు

వియన్నాలో 23 జిల్లాలున్నాయి. 1వ జిల్లా పాత కోట నగరం. ఒకప్పుడు కోటగోడ ఉన్న చోట ఇప్పుడు రింగ్‌ష్ట్రాస్సె అనే విశాలమైన రహదారి ఉంది. 3 నుంచి 9 వరకు ఉన్న జిల్లాలు రింగ్‌కూ, గ్యూర్టెల్ అనే వెలుపలి వలయ రహదారికీ మధ్య ఉన్నాయి. 2వ జిల్లా డాన్యూబ్ కాలువ దాటాక వస్తుంది. 21, 22 జిల్లాలు డాన్యూబ్ నదికి ఆవలి గట్టున ఉన్నాయి.

జిల్లా సంఖ్య పిన్‌కోడులోనే ఉంటుంది. నాలుగు అంకెల్లో మధ్య రెండూ దాన్ని తెలుపుతాయి: 1070 అంటే 7వ జిల్లా, 1160 అంటే 16వ జిల్లా. వీధుల నీలిరంగు పలకల మీద కూడా పేరుకు ముందు జిల్లా సంఖ్య రాసి ఉంటుంది. బుకింగ్ సైట్లలో ప్రతి హోటలూ నగర మధ్యంలోనే ఉన్నట్టు చెప్పుకుంటుంది కాబట్టి, ఆ మాటకన్నా పిన్‌కోడును నమ్మడం మంచిది. అపార్టుమెంటు చిరునామాలో 12/2/15 అని ఉంటే 12వ నంబరు భవనం, 2వ మెట్ల దారి, 15వ తలుపు అని అర్థం. పెద్ద భవనాల్లో నాలుగైదు మెట్ల దారులుంటాయి. రాత్రి పొద్దుపోయి పెట్టెలతో దిగేవారు ఈ మధ్య అంకెను ముందే చూసుకోవాలి.

భూగర్భ రైలుకు యు1, యు2, యు3, యు4, యు6 అనే అయిదు మార్గాలున్నాయి. యు5 నిర్మాణంలో ఉంది. స్టేషన్లలో అడ్డుగేట్లు ఉండవు. ప్రయాణికుడే టికెట్టు మీద సమయం ముద్ర వేసుకుని ఎక్కాలి. తనిఖీ సిబ్బంది మామూలు దుస్తుల్లోనూ రావచ్చు. శుక్ర, శనివారం రాత్రుల్లో రైళ్లు తెల్లవార్లూ నడుస్తాయి.

చరిత్ర

వియన్నాలో ఫలానా చోట ఫలానాది దొరకడం వెనుక పాత పన్నులు, పాత గోడలు ఉన్నాయి. 1704లో శత్రువుల దాడులను అడ్డుకోవడానికి శివార్ల చుట్టూ లీనియన్‌వాల్ అనే రెండో గోడ కట్టారు. 1829 నుంచి ఆ గోడ ద్వారాల దగ్గర ఆహార, పానీయాల మీద పన్ను వసూలు చేశారు. గోడ బయట మద్యం, తిండి చవక కావడంతో జనం సెలవురోజుల్లో అటు వెళ్లేవారు. 1890ల్లో ఆ గోడను పడగొట్టారు. నేటి గ్యూర్టెల్ దాని జాడలోనే ఉంది. గోడ పోయినా శివారు పల్లెలకు వెళ్లి ద్రాక్షసారా తాగి, చల్లని భోజనం చేసే అలవాటు పోలేదు. 1784లో చక్రవర్తి రెండో జోసెఫ్ రైతులకు తాము పండించిన ద్రాక్షతో చేసిన సారాను సొంత వాకిట్లో అమ్ముకునే హక్కు ఇచ్చాడు. హోయ్‌రిగర్ అనే సారా వాకిళ్లకు అదే మూలం.

కోటగోడను కూల్చమని చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ 1857లో ఆజ్ఞ ఇచ్చాడు. 1865 మే 1న రింగ్‌ష్ట్రాస్సె ప్రారంభమైంది. 1873లో ప్రాటర్ మైదానంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దాని కోసమే నగరంలో పెద్ద హోటళ్లు లేచాయి. వ్యుర్టెంబెర్గ్ ప్రభువు భవనం ఆ ఏడాదే ఇంపీరియల్ హోటలుగా మారింది. ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే, మే 9న, స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆ వేసవిలోనే కలరా వ్యాపించింది. అనుకున్నంత మంది అతిథులు రాలేదు. అయితే అదే ఏడాది అక్టోబరులో ఆల్ప్స్ పర్వతాల ఊటనీటిని నగరానికి తెచ్చే తొలి గొట్టపు మార్గం పూర్తయింది. రెండోది 1910లో వచ్చింది. నేటికీ వియన్నా కుళాయిల్లో వచ్చేది ఆ నీరే.

20వ శతాబ్దపు చివరి పాతికేళ్లలో, 21వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఇప్పటి యాత్రా స్వరూపం ఏర్పడింది. 1978లో భూగర్భ రైలు, 1995లో ఐరోపా సమాఖ్య సభ్యత్వం, 2002లో యూరో నోట్లు వచ్చాయి. 2001లో యునెస్కో పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఎత్తైన భవనాల వివాదంతో 2017లో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో చేర్చింది.

కాలం: వారం, ఋతువు, సెలవులు

గైడు పుస్తకాలు ఈ విషయాన్ని చివరి పేజీల్లో పెడతాయి. నిజానికి ఇది మొదట ఉండవలసింది.

ఆస్ట్రియా చట్టం ప్రకారం దుకాణాలు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు, శనివారం సాయంత్రం 6 వరకు తెరవవచ్చు. వారానికి మొత్తం 72 గంటలు మించకూడదు. ఆచరణలో చాలా దుకాణాలు రాత్రి 7, 8 మధ్యే మూసేస్తాయి. ఆదివారం, ప్రభుత్వ సెలవురోజుల్లో మూత. బేకరీలు, పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలు, విమానాశ్రయం మినహాయింపు. హాప్ట్‌బాన్‌హోఫ్ ప్రధాన స్టేషనులో, ప్రాటర్‌స్టెర్న్‌లో ఆదివారం సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయి. నగరంలో వంట చేసుకునేవాళ్లంతా అక్కడే చేరినట్టు వరుసలు కడతారు. శనివారం రాత్రి దిగి, అపార్టుమెంటులో ఖాళీ ఫ్రిజ్ చూసిన కుటుంబానికి ఆ వరుసే గతి.

ఆదివారం పనికిరాని రోజని కాదు. మ్యూజియంలు, కాఫీ ఇళ్లు, చాలా రెస్టారెంట్లు తెరిచే ఉంటాయి. కళా చరిత్ర మ్యూజియానికి వేసవి మినహా సోమవారం సెలవు. కాబట్టి కొనుగోళ్లు శనివారం మధ్యాహ్నానికి ముగించి, ఆదివారం మ్యూజియానికీ, శివారు ద్రాక్షతోటలకూ కేటాయించడం ఈ ఊరివాళ్లు కూడా పాటించే పద్ధతి.

జనవరి 6, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 26, నవంబరు 1, డిసెంబరు 25, 26 తేదీలు సెలవులే. ఈస్టరు మీద ఆధారపడే సెలవులు వసంతంలో గురు, సోమవారాల్లో వస్తాయి. డిసెంబరు 8 కూడా సెలవే అయినా, క్రిస్మస్ అమ్మకాల కోసం ఆ రోజు దుకాణాలు తెరవడానికి అనుమతి ఉంది.

గదుల ధరలు పెరిగే కాలాలు కొన్ని అందరికీ తెలిసినవే: నవంబరు మధ్య నుంచి క్రిస్మస్ దాకా సాగే క్రిస్మస్ బజార్లు, నూతన సంవత్సరం, జనవరి, ఫిబ్రవరి నెలల నృత్యోత్సవాలు. తెలియనివి మహాసభలు. ఐరోపా రేడియాలజీ మహాసభ చలికాలం చివర, భూశాస్త్రవేత్తల వార్షిక సభ వసంతంలో ఏటా ఇక్కడే జరుగుతాయి. ఒక్కొక్కదానికి వేల మంది వస్తారు. ఆ వారాల్లో మామూలు హోటలు కూడా అందుబాటులో ఉండదు. తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి, బుక్ చేసేముందు చూసుకోవడం తేలిక. జులై, ఆగస్టుల్లో ఒపేరా భవనంలో ప్రదర్శనలు ఉండవు. కుటుంబాలు నడిపే చిన్న భోజనశాలలు ఆ నెలల్లో రెండు మూడు వారాలు మూసి సెలవు మీద వెళ్తాయి.

బస

*రకాలు.* హోటళ్లు, హాస్టళ్లు అన్ని నగరాల్లోలాగే ఉంటాయి. పెన్షియోన్ అనేది వియన్నాకు తగినట్టు ఎదిగిన పద్ధతి: పాత నివాస భవనంలో ఒకటో రెండో అంతస్తులు తీసుకుని ఒక కుటుంబం నడిపే చిన్న విడిది. గదులు ఎత్తుగా, విశాలంగా ఉంటాయి. రిసెప్షను రాత్రి మూసేయవచ్చు. వేసవి సెలవుల్లో కొన్ని విద్యార్థి వసతిగృహాలు హోటళ్లుగా మారతాయి. వసతి సాదాగా, ధర తక్కువగా ఉంటుంది.

*అపార్టుమెంట్లు.* పిల్లలతో వచ్చేవారు, సొంత వంట కావాలనుకునేవారు వీటిని ఎంచుకుంటారు. ఇళ్ల అద్దెలు పెరుగుతున్నాయన్న ఆందోళనతో నగర ప్రభుత్వం 2024 జులై 1 నుంచి నిబంధన బిగించింది. ప్రత్యేక అనుమతి లేకుండా ఒక నివాసాన్ని ఏడాదికి 90 రోజులకు మించి పర్యాటకులకు ఇవ్వకూడదు. ఇల్లు అద్దెకు దొరక్క ఇబ్బందిపడే స్థానికుల పక్షాన చూస్తే ఈ నిబంధన న్యాయమైనదే. యాత్రికుడు మాత్రం అనుమతి ఉన్న నిర్వాహకులనే ఎంచుకోవాలి. లేకపోతే చివరి నిమిషంలో రద్దయ్యే ప్రమాదం ఉంది.

*అంతస్తు, లిఫ్టు, వేడి.* వియన్నా పాత భవనాల్లో నేల అంతస్తు తర్వాత హోఖ్‌పార్టెర్, మెజానిన్ అనే అంతస్తులు ఉండి, ఆ తర్వాతే 1వ అంతస్తు మొదలయ్యే సందర్భాలున్నాయి. "2వ అంతస్తు, లిఫ్టు లేదు" అని రాసి ఉంటే నాలుగు అంతస్తుల మెట్లు ఎక్కవలసి రావచ్చు. పెద్దవాళ్లను వెంట తీసుకొచ్చేవారు ఈ ఒక్క విషయం లేఖ రాసి అడగడం మేలు. ఏసీ లేని హోటళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. జులైలో 35 డిగ్రీలు దాటే రోజులు వస్తాయి. వీధి వైపు గదికన్నా లోపలి పెరటి వైపు గదిలో రాత్రి కిటికీ తెరిచి పడుకోవచ్చు, ట్రాము చప్పుడు ఉండదు.

*ప్రాంతాలు.* 1వ జిల్లాలో బస ఖరీదు. రాత్రి ఒపేరా నుంచి నడిచి గదికి చేరే సౌకర్యానికి ఆ ధర. 7వ జిల్లా నోయ్‌బౌ, 6వ జిల్లా మరియాహిల్ఫ్ మ్యూజియంలకూ దుకాణాలకూ సమాన దూరంలో ఉంటాయి. తొలిసారి వచ్చేవారికి ఇవి అన్నివిధాలా అనుకూలం. 3వ జిల్లాలోని వీన్ మిట్టె స్టేషను నుంచి విమానాశ్రయానికి నేరుగా రైళ్లున్నాయి. బుడాపెస్ట్, ప్రాగ్ కూడా వెళ్లదలచినవారికి 10వ జిల్లాలో హాప్ట్‌బాన్‌హోఫ్ చుట్టుపక్కల హోటళ్లు తగినవి. డాన్యూబ్ ఆవల 22వ జిల్లాలో ఐక్యరాజ్యసమితి కార్యాలయాల దగ్గర కొత్త హోటళ్లున్నాయి. మహాసభలు లేని వారాల్లో అక్కడ ధరలు తగ్గుతాయి, యు1 రైలు కొద్ది నిమిషాల్లో నగర మధ్యానికి చేరుస్తుంది. మొత్తం మీద జిల్లా సంఖ్య చిన్నదా పెద్దదా అన్నదానికన్నా, భూగర్భ రైలు స్టేషను ఎంత దగ్గర అన్నది ముఖ్యం.

*పన్ను, నమోదు.* విడిది పన్నును ఇటలీ నగరాల్లోలాగా తలకింత అని కాక, గది అద్దెలో శాతంగా వేస్తారు. అది బుకింగ్ ధరలో కలిసి ఉందో లేదో చూసుకోవాలి. హోటళ్లలో అతిథి వివరాల పత్రం నింపుతారు.

*బంధువుల ఇంట.* ఉద్యోగాలు, చదువుల కోసం వెళ్లిన పిల్లల దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకు వేరే నియమం వర్తిస్తుంది. ప్రైవేటు ఇంట్లో మూడు రోజులకు మించి ఉండేవారు, వచ్చిన మూడు రోజుల్లోగా మెల్డెట్సెట్టెల్ అనే నివాస పత్రం నింపి స్థానిక కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. ఇంటివారి సంతకం అందులో అవసరం. వీసా దరఖాస్తులో హోటల్ బుకింగుకు బదులు ఆస్ట్రియాలో నివసించే బంధువు ఇచ్చే పూచీ ప్రకటన పెట్టే పద్ధతి కూడా ఉంది.

*వీసాతో సంబంధం.* భారత పాస్‌పోర్టు ఉన్నవారు షెంగెన్ వీసా తీసుకోవాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, ప్రతి రాత్రికి బస ఆధారం చూపాలి. కాబట్టి బస నిర్ణయం యాత్రకు నెలల ముందే జరగాలి. వీసా వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకోవడం సర్వసాధారణం.

భోజనం

*కాఫీ ఇల్లు.* 1685లో ఆర్మేనియా వర్తకుడు యొహానెస్ డియొడాటోకు వియన్నాలో కాఫీ అమ్మే హక్కు లభించింది. తురుష్కుల ముట్టడి తర్వాత వదిలిపోయిన గింజలతో వేరొకరు మొదలుపెట్టారనే కథ ఎక్కువ ప్రచారంలో ఉంది, అది ఐతిహ్యం మాత్రమే. 2011లో యునెస్కో ఒడంబడిక కింద ఆస్ట్రియా తన జాతీయ జాబితాలో కాఫీ ఇళ్ల సంస్కృతిని చేర్చింది. లాండ్‌ట్‌మాన్ 1873లో, సెంట్రల్ 1876లో, ష్పెర్ల్ 1880లో, హవెల్కా 1939లో మొదలయ్యాయి. సెంట్రల్‌లో రష్యా విప్లవకారుడు ట్రాట్‌స్కీ చదరంగం ఆడేవాడు.

కాఫీ వచ్చే తీరు గమనించదగ్గది. కోలగా ఉన్న వెండిరంగు పళ్లెంలో కప్పు, పక్కన గ్లాసుతో కుళాయి నీళ్లు, ఆ గ్లాసు మీద బోర్లించిన చిన్న చెంచా. మెలాంజ్ అంటే పాలనురుగుతో వచ్చే కాఫీ, తెలుగువారి నాలుకకు అన్నిటికన్నా దగ్గరది ఇదే. ఐన్‌ష్పెనర్ గాజు గ్లాసులో చిలికిన మీగడతో వస్తుంది. ఒక్క కాఫీతో రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. వార్తాపత్రికలు కర్ర చట్రాలకు బిగించి ఉంటాయి. అయితే సెంట్రల్ వంటి పేరుపడ్డ చోట్ల తలుపు బయట పర్యాటకుల వరుస ఉంటుంది. ఆ తీరిక నిజంగా దొరకాలంటే బస చేసిన వీధిలోని కాఫీ ఇంటికే వెళ్లడం మేలు.

*బైసెల్.* చెక్క పలకల గోడలు, చిన్న బల్లలతో ఉండే ఇరుగుపొరుగు భోజనశాల. పని దినాల్లో మధ్యాహ్నం సూపుతో కలిపి ఒక నిర్ణీత భోజనం పెడతారు. రాత్రి ధరలతో పోలిస్తే ఇది బాగా చవక. వంటిల్లు మధ్యాహ్నం రెండు, రెండున్నర దాటాక ఆగి, సాయంత్రం ఆరుకు తిరిగి మొదలవుతుంది. మూడు గంటలకు ఆకలితో వచ్చినవారికి చాలాచోట్ల కాఫీ, కేకులే మిగులుతాయి. 2019 నవంబరు నుంచి భోజనశాలల లోపల పొగ తాగడం నిషిద్ధం.

*హోయ్‌రిగర్.* వియన్నా నగర పరిధిలోనే వందల హెక్టార్ల ద్రాక్షతోటలున్నాయి. తోట యజమాని తన సారాను వాకిట్లో అమ్మే చోటు ఇది. గేటుకు పచ్చని కొమ్మల గుత్తి వేలాడుతుంటే ఆ రోజు తెరిచి ఉన్నట్టు. ద్రాక్షసారా బల్ల దగ్గరికి తెస్తారు, తిండి మాత్రం లోపలి బల్ల దగ్గరికి వెళ్లి మనమే తెచ్చుకోవాలి. కొన్ని ఇళ్లు ఏడాదిలో కొన్ని వారాలే తెరుస్తాయి కాబట్టి తేదీ కనుక్కుని వెళ్లాలి. గ్రిన్‌సింగ్‌కు 38వ నంబరు ట్రాము, నుస్‌డోర్ఫ్‌కు డి ట్రాము, నది ఆవలి ష్టామర్స్‌డోర్ఫ్‌కు 31వ నంబరు ట్రాము వెళ్తాయి. గ్రిన్‌సింగ్‌లో బస్సు టూర్ల జనం ఎక్కువ. ష్టామర్స్‌డోర్ఫ్‌లో ఊరివాళ్లే కనిపిస్తారు. ద్రాక్షరసం, సోడా కూడా దొరుకుతాయి, మద్యం ముట్టనివారికి ఇబ్బంది లేదు.

*సాసేజీ బండ్లు.* రాత్రి పొద్దుపోయాక తెరిచి ఉండే తిండి ఇక్కడే. ఒపేరా వెనుక, ఆల్బెర్టినా మ్యూజియం పక్కన ఉన్న బండి దగ్గర సంగీత కచేరీ దుస్తుల్లో ఉన్నవారూ, టాక్సీ డ్రైవర్లూ పక్కపక్కన నిలబడి తింటారు. సాసేజీల్లో ఎక్కువ భాగం పంది మాంసమే. లోపల జున్ను కనిపించే కేజెక్రైనర్ కూడా అంతే.

*మెనూ చదవడం.* ఐరోపా సమాఖ్య నియమం ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాలను తెలియజేయాలి. ఆస్ట్రియా మెనూల్లో ప్రతి వంటకం పక్కన వాటిని అక్షరాల్లో ముద్రిస్తారు. ఎ గ్లూటెన్ ఉన్న ధాన్యం, సి గుడ్డు, డి చేప, జి పాలు, ఎం ఆవాలు. గుడ్డు తినని శాకాహారికి సి అక్షరం నమ్మదగిన దారి. గొడ్డు మాంసానికీ, పంది మాంసానికీ మాత్రం అక్షరం లేదు. ఆ జాగ్రత్త వేరే తీసుకోవాలి.

వీనర్ ష్నిట్సెల్ అన్న పేరుతో అమ్మేది లేగదూడ మాంసమే అయి ఉండాలి. పంది మాంసంతో చేస్తే ఆ మాట మెనూలో రాయాలి. టాఫెల్‌ష్పిట్స్, గూలాష్ గొడ్డు మాంసం వంటకాలు. రింట్ అంటే గొడ్డు మాంసం, కాల్బ్ దూడ, ష్వైన్ పంది, హూన్ కోడి, పూటె టర్కీ కోడి, ష్పెక్ పంది కొవ్వు ముక్కలు. కోడి మాత్రమే తినేవారికి బాక్‌హెండ్ల్ అనే వేపుడు కోడి దొరుకుతుంది. అది ఏ నూనెలో వేగిందో అడగాలి, కొన్ని వంటిళ్లు పంది కొవ్వు వాడతాయి.

*శాకాహారం.* కనిపించే మాంసాన్ని తప్పించడం తేలిక, చారులో కలిసినదాన్ని తప్పించడం కష్టం. ఫ్రిటాటెన్ సూపులో అట్ల ముక్కలే తేలుతుంటాయి, కానీ ఆ చారు గొడ్డు ఎముకలది. ఎంతో నిరపాయంగా కనిపించే వియన్నా బంగాళాదుంప సలాడ్‌లో కూడా సంప్రదాయంగా గొడ్డు మాంసపు చారు పోస్తారు. క్నోడెల్ ముద్దల్లో ష్పెక్ ఉండవచ్చు. పప్పూ కూరలతో పెరిగిన మనిషి ఆ సలాడ్ ముందు మోసపోవడం సహజం, అందుకే ఇంత వివరం.

నిశ్చింతగా తినదగ్గవీ ఉన్నాయి. జున్ను వేసిన ష్పెట్స్‌లె, పాలకూర క్నోడెల్, వసంతంలో తెల్ల ఆస్పరాగస్, వేసవి చివర అడవి పుట్టగొడుగులు. తీపి వంటకాన్నే పూర్తి భోజనంగా తినే అలవాటు ఆస్ట్రియాలో ఉంది: ముక్కలు చేసిన గుడ్ల అట్టు కైజర్‌ష్మారెన్, ఆప్రికాట్ పండు పెట్టి ఉడికించిన ముద్దలు, ఆపిల్ స్ట్రూడెల్. మధ్యాహ్నం వీటితో సరిపెట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. మార్కెట్ల దగ్గర ఫలాఫెల్, తుర్కీ, ఇటలీ తినుబండారాలు ఎప్పుడూ దొరుకుతాయి. తియాన్ అనే శాకాహార రెస్టారెంటు మిషెలిన్ నక్షత్రం పొందింది, అక్కడ ధరలు ఆ స్థాయిలోనే ఉంటాయి.

*నీళ్లు, రొట్టె, టిప్పు.* కుళాయి నీరు నేరుగా తాగవచ్చు. వీధుల్లో వందలాది తాగునీటి కుళాయిలున్నాయి. రెస్టారెంటులో కుళాయి నీటికి కొందరు డబ్బు తీసుకుంటారు. బల్ల మీద పెట్టిన రొట్టెల బుట్ట ఉచితం కాదు, తిన్నన్ని లెక్కవేస్తారు. బిల్లు మనం అడిగితేనే వస్తుంది. టిప్పు 5 నుంచి 10 శాతం. డబ్బు బల్ల మీద వదిలి రావడం కాదు, చెల్లించేటప్పుడే కలిపి మొత్తం చెప్పాలి. 27 యూరోల బిల్లుకు "30" అంటే సరిపోతుంది. కార్డు తీసుకోని చిన్న చోట్లు ఉన్నాయి కాబట్టి కొంత నగదు అవసరం.

బజార్లు, దుకాణాలు

*సంతలు.* వీన్‌త్సైలె వీధి వెంబడి సాగే నాష్‌మార్క్ట్ నగరంలో అన్నిటికన్నా పేరున్న సంత. యు4లో కెట్టెన్‌బ్రుకెన్‌గాసె స్టేషనులో దిగాలి. ఆదివారం మూత. శనివారం దాని చివర పాత వస్తువుల సంత జరుగుతుంది, తెల్లవారుజామునే వెళ్తే మంచివి దొరుకుతాయి. ఆలివ్, జున్ను అంగళ్లవాళ్లు రుచి చూడమని చేతికిస్తారు. తూకం చెప్పకుండా తల ఊపితే పెద్ద పొట్లం కడతారు, గ్రాములు ముందే చెప్పాలి. చుట్టుపక్కల భారతీయ, ఆసియా సరుకుల కొట్లున్నాయి. బియ్యం, పప్పు అక్కడ దొరుకుతాయి. 16వ జిల్లాలోని బ్రున్నెన్‌మార్క్ట్ కూరగాయలకు చవక. తుర్కీ, బాల్కన్ కుటుంబాలు వారానికి సరిపడా కొనే చోటు అది. పచ్చిమిరప, కొత్తిమీర, వంకాయలు కనిపిస్తాయి. అపార్టుమెంటులో వండుకునే తెలుగు కుటుంబానికి రెండింటిలో ఇదే ఎక్కువ పనికొస్తుంది.

*సూపర్‌మార్కెట్లు.* బిల్లా, ష్పార్, హోఫర్ ప్రధానమైనవి. జర్మనీలో ఆల్డి అనే గొలుసు ఆస్ట్రియాలో హోఫర్. సంచి వెంట తీసుకెళ్లాలి. 2025 జనవరి 1 నుంచి ప్లాస్టిక్ సీసాలు, డబ్బాల మీద 25 సెంట్ల డిపాజిట్ వేస్తున్నారు. ఖాళీ సీసా నలపకుండా దుకాణంలోని యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, అది కౌంటరులో ఇస్తే డబ్బు తిరిగి వస్తుంది.

*వీధులు.* మరియాహిల్ఫర్ ష్ట్రాస్సె నగరంలోకెల్లా పెద్ద షాపింగ్ వీధి. 2014లో 6, 7 జిల్లాల నివాసుల ఓటింగులో స్వల్ప మెజారిటీ రావడంతో దాన్ని పాదచారుల వీధిగా మార్చారు. దానికి ఆనుకున్న నోయ్‌బౌగాసె, లిండెన్‌గాసెల్లో స్థానిక డిజైనర్ల చిన్న కొట్లున్నాయి. కోల్‌మార్క్ట్, గ్రాబెన్ ఖరీదైన బ్రాండ్లవి. తగ్గింపు ధరల కాలం క్రిస్మస్ తర్వాత జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి.

*వియన్నా సరుకు.* ఆగార్టెన్ పింగాణీ 1718 నాటి కర్మాగారపు వారసత్వం. లోబ్‌మైయర్ గాజు సామాను 1823 నుంచి ఉంది. 1707లో చక్రవర్తి మొదటి జోసెఫ్ తాకట్టు సంస్థగా నెలకొల్పిన డొరోథెయుమ్ నేడు పెద్ద వేలంశాల. వేలానికి ముందు వస్తువుల ప్రదర్శన ఎవరైనా చూడవచ్చు. సాఖర్ కేకు చెక్కపెట్టెలో వస్తుంది, ప్రయాణానికి తట్టుకుంటుంది. దాని "అసలు" అన్న పేరు మీద సాఖర్ హోటలుకూ డెమెల్ మిఠాయి దుకాణానికీ మధ్య ఏళ్ల తరబడి కోర్టు వివాదం నడిచి 1963లో రాజీ అయింది. కేకులో గుడ్లుంటాయి. గుడ్డు తినని ఇళ్లకు కానుకగా గులాబిరంగు పొట్లంలో వచ్చే మానర్ వేఫర్లు తగినవి, వాటిలో గుడ్డు, పాలు రెండూ లేవు. మోత్సార్ట్ బొమ్మ ఉన్న చాక్లెట్ గుండ్లు సాల్జ్‌బుర్గ్ మిఠాయి.

పన్ను వాపసు

ఆస్ట్రియాలో చాలా వస్తువుల మీద అమ్మకపు పన్ను 20 శాతం. ఐరోపా సమాఖ్య బయట నివసించేవారు ఒకే బిల్లు మీద 75 యూరోలకు పైగా కొంటే, ఆ వస్తువును మూడు నెలల్లోగా వెంట తీసుకుపోయే షరతు మీద పన్ను వెనక్కి పొందవచ్చు. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపి ఫారం అడగాలి. మధ్యవర్తి సంస్థల రుసుము పోగా చేతికొచ్చేది ధరలో 20 శాతం కన్నా బాగా తక్కువ.

సమాఖ్యను వదిలే చివరి విమానాశ్రయంలో కస్టమ్స్ ఆమోదం తీసుకోవాలన్నది నియమం. దోహా, దుబాయి మీదుగా హైదరాబాదు వచ్చేవారికి ఆ చివరి విమానాశ్రయం వియన్నాయే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వచ్చేవారు రెండుగా విభజించుకోవాలి: హైదరాబాదు దాకా నేరుగా వెళ్లే పెట్టెలో పెట్టిన వస్తువులకు వియన్నాలో, చేతిసంచిలోని వస్తువులకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక కస్టమ్స్ అధికారికి చూపడానికి వస్తువు ఉండదు. అందువల్ల చెక్-ఇన్ కౌంటరులో ముందే చెప్పి, ట్యాగు వేయించుకున్న పెట్టెను కస్టమ్స్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఫారం మీద ముద్ర పడ్డాక అక్కడే అప్పగించాలి. ఈ పనికి అదనంగా ఒక గంట పెట్టుకోవాలి.